గర్భిణి నడక కూడా హక్కుల ప్రశ్నే

ముస్లింల హక్కులను గురించి జరిగే సభల్లో విద్య, ఉద్యోగం, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ప్రాణభద్రత అనే మాటలు తప్పక వినిపిస్తాయి. అవి వినిపించవలసినవే. మన పత్రిక కూడా నెలనెలా వాటినే ప్రస్తావిస్తూ వస్తున్నది. అయితే ఆ జాబితాలో ఎన్నడూ చోటు దొరకని ఒక ప్రశ్న ఉంది. మన ఇంట్లోని గర్భిణి రోజుకు అరగంట సేపు స్థిమితంగా నడవగలుగుతున్నదా?

ప్రశ్న చిన్నదిగా తోచవచ్చు. నడవడానికి హక్కులెందుకు, కాళ్లుంటే చాలదా అని కొందరు నవ్వవచ్చు. కాని ఆ అరగంట నడకకు ఏమేమి కావాలో లెక్కించి చూడండి. ఇంటిపని నుంచి, కూలిపని నుంచి విడిపడిన సమయం కావాలి. నలుగురి చూపులు, వాహనాల రద్దీ లేని చోటు కావాలి. ఇంటివారి సమ్మతి కావాలి. ఎంత నడవాలో, ఎప్పుడు ఆగాలో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పే మనిషి కావాలి. నడిచే సత్తువనిచ్చే తిండి కావాలి. ఈ ఐదూ ఒకేసారి అమరిన గర్భిణులు మన మహల్లాల్లో ఎందరు? ఈ లెక్క వేసిన క్షణాన అది ఒక స్త్రీ సొంత విషయం కాదని, సమాజం బాధ్యత పడవలసిన విషయమని తెలిసిపోతుంది.

ఈ విషయాన్ని మేము నగరాన్ని దృష్టిలో ఉంచుకొని రాయడం లేదు. పిట్లం వంటి ఊళ్లను దృష్టిలో ఉంచుకొని రాస్తున్నాము. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు పిట్లం నిజామాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు సాగే 161వ జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. నగరంలో గర్భిణుల కోసం ప్రత్యేక వ్యాయామ తరగతులున్నాయి. డబ్బున్నవారికి ఫిజియోథెరపిస్టులున్నారు. తల్లి కాబోయే స్త్రీకి శ్వాస ఎలా తీయాలో, నడుము ఎలా వంచాలో నేర్పే ఆసుపత్రులున్నాయి. పిట్లం వంటి మండల కేంద్రంలోని మహల్లాకు ఇవేవీ నడిచి రావు. అక్కడి గర్భిణికి ఉన్నవి ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ, సర్కారు దవాఖాన, ఇంట్లోని పెద్దల మాట. ఈ నాలుగూ సరిగా పనిచేస్తే చాలావరకు సరిపోతుంది. పనిచేయకపోతే ఆమెకు మరో దిక్కు లేదు.

అంకెలు చెబుతున్నదేమిటి?

2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ గురించి చెప్పిన విషయాలను ఒకచోట పెట్టి చూద్దాం. గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇద్దరిలో ఒకరికి పైగా. అదే రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 30.1 శాతం మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. 18.8 శాతం మంది ఉండవలసిన దానికన్నా తక్కువ బరువున్నారు. ఒకే రాష్ట్రంలో, తరచుగా ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఈ రెండు కష్టాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇంకా విచిత్రమేమంటే ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. ఒంట్లో కొవ్వు ఎక్కువగానూ, రక్తంలో ఇనుము తక్కువగానూ ఉన్న గర్భిణి అరుదేమీ కాదు. అన్నం, నూనె, చక్కెర పుష్కలంగా ఉండి, పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు కరవైన పళ్లెం నుంచి వచ్చే ఫలితమది.

మరో అంకె ఇంకా కలవరపెడుతుంది. అదే సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. పదిహేను శాతానికి మించి సిజేరియన్లు అవసరమనడానికి ఏ ప్రాంతంలోనూ కారణం కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. మన రాష్ట్రం దానికి నాలుగు రెట్ల దూరంలో నిలిచింది. గర్భిణి నడవకపోవడం వల్లనే ఇన్ని ఆపరేషన్లు జరుగుతున్నాయని మేము అనడం లేదు. ప్రైవేటు వైద్యంలోని లాభాపేక్ష, నొప్పుల భయం, ముహూర్తాల పిచ్చి, ఒకసారి కోత పడితే రెండోసారీ కోతే అనే అలవాటు, కాన్పు చేయించే నైపుణ్యమున్న నర్సుల కొరత, ఇవన్నీ కలిసిన ఫలితమది. అయితే గర్భకాలంలో అతిగా బరువు పెరగడం, ఆ కాలంలో వచ్చే మధుమేహం, రక్తపోటు కూడా కోతకు దారితీసే కారణాలే. మన చేతుల్లో ఉన్నంతవరకైనా ఆ కారణాలను తగ్గించుకోవడం మన పని.

ఒక ఆపరేషన్ ఖర్చు ఒక పేద ముస్లిం కుటుంబానికి ఏమవుతుందో మన పాఠకులకు విడిగా చెప్పనక్కరలేదు. మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి మీదనో, ఆటో మీదనో గడిచే ఇల్లు ఒక్క కాన్పుతో అప్పుల్లో పడుతుంది. కోత పడిన తల్లి కోలుకునే వరకు ఇంట్లో రెండో ఆదాయం ఆగిపోతుంది. కనుక గర్భిణి ఆరోగ్యం కుటుంబ ఆర్థిక విషయం కూడా.

మంచం, చాట: రెండు బందీఖానాలు

గర్భిణి శరీరం విషయంలో మన ఇళ్లలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి, ఆమెను మంచం దిగనివ్వకపోవడం. కడుపుతో ఉన్న పిల్ల మెట్లెక్కకూడదు, బయట తిరగకూడదు, ఇద్దరి పాలు తినాలి అని పెద్దలు ప్రేమతోనే చెబుతారు. ప్రేమను మేము తప్పుపట్టము. కాని ఏ ఇబ్బందీ లేని గర్భిణిని తొమ్మిది నెలలు కూర్చోబెట్టి, ప్రతి పూటా పళ్లెం నింపి పెడితే కడుపులోని బిడ్డకు అదనంగా ఒరిగేదేమీ లేదు. తల్లికి నడుంనొప్పి, మలబద్ధకం, కాళ్లవాపు, నిద్రలేమి, అవసరానికి మించిన బరువు మిగులుతాయి. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి పూర్తి విశ్రాంతి మందు కాదని నేటి వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతున్నది.

రెండవ ధోరణి దీనికి పూర్తిగా విరుద్ధం. నెలలు నిండేవరకు ఆమె చేత చాకిరీ చేయించడం. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి బతికే ఇళ్లు వేలాదిగా ఉన్నాయి. ఆ పని చేసేది ముఖ్యంగా స్త్రీలు. పద్మశాలి స్త్రీలతో పాటు ముస్లిం స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒడిలో చాట పెట్టుకొని, వీపు వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి వెయ్యి లెక్క పూర్తిచేయాలంటే గంటల కొద్దీ కదలకుండా కూర్చోవాలి. గర్భం పెరుగుతున్నకొద్దీ ఒడిలో చాటకు చోటు తగ్గుతుంది, వీపు మీద భారం పెరుగుతుంది. తంబాకు దుమ్ము ముక్కులోకి, చర్మంలోకి పోతూనే ఉంటుంది. కూలి లెక్కకు ముడిపడి ఉన్నది కనుక లేచి నాలుగడుగులు వేసినా ఆ మేరకు కూలి తెగుతుంది. ఇటువంటి స్త్రీతో ‘రోజూ వ్యాయామం చెయ్యమ్మా’ అని చెప్పి వెళ్లిపోవడం వెక్కిరింత అవుతుంది.

ఈ రెండు స్థితులూ పైకి వేరుగా కనిపించినా లోపల ఒక్కటే. మంచం మీద కూర్చోబెట్టిన కోడలికీ, చాట ముందు కూర్చోబెట్టిన కోడలికీ తన శరీరం మీద తన మాట చెల్లదు. ‘ఇంటిపని చేస్తున్నదిగా, అదే వ్యాయామం’ అని చాలామంది అంటారు. ఇంటిపనిలోనూ కదలిక ఉంటుంది, నిజమే. కాని వంగి బిందెలు మోయడం, పొగ గూటిలో నిలబడడం, ఉదయం నుంచి రాత్రి వరకు ఆగకుండా తిరగడం శరీరాన్ని అలసటకు గురిచేస్తాయి. తన వేగంతో, తన ఇష్టంతో, స్వచ్ఛమైన గాలిలో నడవడం శరీరాన్ని సిద్ధం చేస్తుంది. మొదటిది పరుల కోసం, రెండవది తన కోసం. ఆ తేడా గర్భిణికి బాగా తెలుసు.

బరువు గురించి తెలియవలసినది

గర్భం ధరించిన స్త్రీ బరువు పెరగడం సహజం, అవసరం కూడా. పెరిగేదంతా కొవ్వు కాదు. బిడ్డ, మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భాశయం, అదనపు రక్తం, పాలకోసం సిద్ధమయ్యే రొమ్ములు, ఇవన్నీ కలిసిన బరువది. మన దేశంలో ప్రభుత్వం ఆరోగ్య సిబ్బందికి నేర్పే లెక్క ప్రకారం గర్భకాలం మొత్తానికి 9 నుంచి 11 కిలోల పెరుగుదల సాధారణం. మొదటి మూడు నెలల తరువాత నెలకు సుమారు రెండు కిలోలు పెరగాలి.

అయితే అందరికీ ఒకటే లెక్క వర్తించదు. గర్భానికి ముందు ఆమె ఎలా ఉన్నదనేది ముఖ్యం. అమెరికాలోని వైద్య సంస్థ 2009లో ప్రకటించిన కొలతలను ప్రపంచమంతా వాడుతున్నారు. ఎత్తుకు తగిన బరువుకన్నా బాగా తక్కువగా ఉన్న స్త్రీ 12.5 నుంచి 18 కిలోలు, తగిన బరువున్న స్త్రీ 11.5 నుంచి 16 కిలోలు, అధిక బరువున్న స్త్రీ 7 నుంచి 11.5 కిలోలు, స్థూలకాయం ఉన్న స్త్రీ 5 నుంచి 9 కిలోలు పెరగవచ్చునని ఆ కొలతలు చెబుతాయి. మన దేశపు స్త్రీల శరీర నిర్మాణం వేరు కనుక ఏ కొలత తనకు సరిపోతుందో దవాఖానలోనే తేల్చుకోవాలి. ఇక్కడ గ్రహించవలసినది ఒక్కటే. బక్కపలచని కోడలికీ, బొద్దుగా ఉన్న కోడలికీ ఒకే సలహా ఇవ్వకూడదు.

రెండు అపోహలను ఇక్కడే తొలగించుకోవాలి. మొదటిది, ఇద్దరి పాలు తినాలనడం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదాని ప్రకారం గర్భిణికి అదనంగా కావలసినది రోజుకు సుమారు 350 కేలరీలు మాత్రమే. అది ఒక జొన్నరొట్టె, కాస్త పప్పు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలలో వచ్చేస్తుంది. రెండవ పళ్లెం బిర్యానీ అక్కరలేదు. ఇద్దరి కోసం తినడమంటే రెండింతలు తినడం కాదు, ఇద్దరికీ పనికివచ్చేది తినడం. రెండవ అపోహ దీనికి ఎదురుగా ఉంటుంది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు కడుపు మాడ్చుకుంటారు. ఇది ఇంకా ప్రమాదం. బలహీనమైన తల్లికి తక్కువ బరువు బిడ్డ పుడుతుంది, కాన్పు సమయంలో రక్తం పోతే తట్టుకునే శక్తి తల్లికి ఉండదు. బరువెక్కువైన గర్భిణి అయినా సరే, గర్భకాలంలో బరువు తగ్గించుకోవడానికి ఉపవాసాలు చేయకూడదు. పెరిగే వేగాన్ని అదుపులో ఉంచుకోవడమే ఆమె పని.

గర్భకాలంలో వచ్చే మధుమేహాన్ని గురించి కూడా ఒక మాట. ఇది చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండా వస్తుంది. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తరువాత రక్తంలో చక్కెర చూస్తారు. 140 లేదా అంతకు మించితే మధుమేహంగా పరిగణిస్తారు. మొదటిసారి దవాఖానకు వెళ్లినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేయకపోతే అడగండి. అడగడం తప్పు కాదు. మధుమేహం తేలినా చాలామందికి తిండిలో మార్పు, రోజూ నడకతోనే అది అదుపులోకి వస్తుంది.

ఎంత నడవాలి, ఎప్పుడు ఆగాలి?

వైద్యపరమైన అడ్డంకి లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు మితమైన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే ఆ లెక్క పూర్తవుతుంది. అరగంట ఒక్కసారే దొరకకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా సరే. ఇదివరకు అలవాటు లేనివారు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవాలి. ఇలా నడిచే తల్లుల్లో మధుమేహం, రక్తపోటు, అతి బరువు, కాన్పు తరువాత వచ్చే మానసిక కుంగుబాటు తగ్గుతాయని, బిడ్డ బరువుకు హాని కలగదని ఆ సంస్థ తేల్చింది. నడిస్తే గర్భం జారిపోతుందన్న భయానికి ఆరోగ్యంగా సాగుతున్న గర్భం విషయంలో ఆధారం లేదు.

వేగానికి కొలబద్ద సులువైనది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగి ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. కూర్చొని లేవడం, భుజాలు తిప్పడం, గోడకు చేతులాన్చి మెల్లగా తోయడం, పాదాలను గుండ్రంగా తిప్పడం వంటివి ఇంటి నాలుగు గోడల మధ్య కూడా చేయవచ్చు. బీడీల ముందు కూర్చునే తల్లి అరగంటకు ఒకసారి లేచి, నిటారుగా నిలబడి, వీపు సాచి, పది అడుగులు వేయాలి. వెల్లకిలా పడుకొని చేసే వ్యాయామాలు మూడు నెలలు దాటాక మానుకోవాలి. కిందపడే ప్రమాదమున్న పనులు, బరువులెత్తే పనులు వద్దు. మన ప్రాంతపు ఎండలు గుర్తుంచుకోవాలి. వేసవిలో ఫజ్ర్ నమాజు తరువాత చల్లని వేళ, లేదా పొద్దు వాలాక నడవడం మంచిది. వెంట నీళ్లసీసా ఉండాలి. బురఖా వేసుకునేవారు వేసవిలో పల్చని నూలు బట్టతో కుట్టినది, కాళ్లకు తట్టుకోనిది ఎంచుకోవాలి. కాలికి మడమలెత్తు లేని చెప్పులు ఉండాలి.

అందరూ నడవకూడదు. మాయ కిందికి ఉన్నవారు, రక్తస్రావం అవుతున్నవారు, ఉమ్మనీరు పోయినవారు, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, గర్భకాలపు తీవ్ర రక్తపోటు ఉన్నవారు, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బున్నవారు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదమున్నవారు డాక్టరు అనుమతి లేకుండా వ్యాయామం చేయకూడదు. మిగిలినవారు కూడా నడుస్తుండగా రక్తం కనిపించినా, నీరు కారినా, కడుపులో నొప్పి తెరలు తెరలుగా వచ్చినా, తల తిరిగినా, తీవ్రమైన తలనొప్పి, ఛాతీనొప్పి, పిక్కలో నొప్పి లేక వాపు వచ్చినా వెంటనే ఆగి దవాఖానకు వెళ్లాలి. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా అంతే. ‘రేపు చూద్దాం’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

ధర్మం అడ్డు చెప్పడం లేదు

ఆడపిల్ల బయట నడవడం, వ్యాయామం చేయడం మన పద్ధతి కాదని వాదించేవారు కొందరున్నారు. వారికి మేము గౌరవంతోనే కొన్ని విషయాలు గుర్తుచేస్తాము. దైవప్రవక్త (సల్లం) తన భార్య హజ్రత్ ఆయిషా (రజి)తో కలిసి పరుగు పందెం వేశారని, మొదట ఆమె గెలిచారని, కొంతకాలానికి ఆమె ఒళ్లు చేసిన తరువాత ప్రవక్త గెలిచారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ ఉదంతంలో ఎగతాళి లేదు, నిషేధం లేదు. భార్యాభర్తల ఆప్యాయత ఉంది. భార్య శరీర కదలికలో భర్త పాలుపంచుకున్న తీరు ఉంది. మన భర్తలు అందులో నేర్చుకోవలసినది ఎంతో ఉంది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని మర్యం సూరాలో ప్రసవవేదన పడుతున్న హజ్రత్ మర్యంను ఖర్జూరపు చెట్టు మొదలును ఊపమని, రాలిన పండ్లు తినమని, నీళ్లు తాగి మనసు చల్లబరచుకోమని చెప్పిన సందర్భం మనందరికీ తెలుసు. నొప్పులు పడుతున్న తల్లికి కదలిక, ఆహారం, నీరు, ధైర్యం నాలుగూ అక్కడ కలిసి ఉన్నాయి. నిలబడి నమాజు చేయలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని చేయవచ్చునన్న సడలింపు ఉంది. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ రంజాన్ ఉపవాసాల్లో సడలింపు ఉంది. తరువాత వాటిని ఎలా తీర్చుకోవాలో ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును అత్తవారిల్లు తిరిగి లాక్కోకూడదు. ‘అందరూ రోజా ఉంటే నువ్వొక్కదానివే తింటావా’ అనే మాట ఏ గర్భిణి చెవినా పడకూడదు.

మరొక సంగతి. ఏడవ నెల సత్వాసా వేడుకకు చీరలు, పూలు, విందుల కోసం అప్పుచేసే ఇళ్లను మనం చూస్తున్నాము. ఆ ఖర్చులో కొంతభాగం ఆమె పాలకు, గుడ్లకు, పండ్లకు మళ్లిస్తే బిడ్డకు అంతకన్నా మంచి కానుక ఉండదు.

ప్రభుత్వం చేయవలసినది

ఇంటి బాధ్యత చెప్పి ప్రభుత్వాన్ని వదిలిపెట్టడం మా ఉద్దేశం కాదు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు ఇవ్వాలి. 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను ఎంచి న్యూట్రిషన్ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కామారెడ్డి జిల్లా వాటిలో ఒకటి. అందులో పోషకాల పొడి, ఖర్జూరాలు, నెయ్యి, ఇనుము టానిక్కు ఉన్నాయి. మన జిల్లా తల్లుల రక్తం పలుచబడిందని ప్రభుత్వమే ఒప్పుకున్నదన్నమాట. ఒప్పుకున్న తరువాత కిట్టు చేతికిచ్చి ఊరుకోవడం చాలదు. ప్రభుత్వాలు మారినా, పథకాల పేర్లు మారినా తల్లి పళ్లెం ఖాళీ కాకూడదు.

మా డిమాండ్లు ఇవి.

మొదటిది, తల్లీబిడ్డల రక్షణ కార్డులో ప్రతిసారీ రాసే బరువు అంకెను గర్భిణికి వివరించాలి. తూకం మీద నిలబెట్టి, అంకె రాసి, ‘వెళ్లమ్మా’ అంటే ఆ అంకె ఎవరి కోసం రాసినట్టు? పోయిన నెలకూ ఈ నెలకూ ఎంత పెరిగిందో, అది ఎక్కువో తక్కువో, ఏం చేయాలో రెండు నిమిషాలు చెప్పాలి. బరువు ఎక్కువున్న తల్లిని మందలించకూడదు, ఎగతాళి చేయకూడదు. ఒకసారి అవమానం జరిగిన చోటికి ఆమె మళ్లీ రాదు.

రెండవది, ఉర్దూ తెలంగాణలో రెండవ అధికార భాష. తెలుగు చదవలేని మన స్త్రీల కోసం బరువు పట్టిక, వ్యాయామాల బొమ్మలు, ప్రమాద సంకేతాలు ఉర్దూలో కూడా ముద్రించి ప్రతి ఉపకేంద్రం గోడమీద అంటించాలి. ముస్లింలు ఎక్కువగా ఉన్న మహల్లాలకు ఆశా కార్యకర్తల నియామకంలో ఉర్దూ తెలిసిన స్త్రీలకు అవకాశం ఇవ్వాలి.

మూడవది, ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆ రోజున వరుసలో గంటలకొద్దీ కూర్చునే తల్లులకు శిక్షణ పొందిన నర్సు చేత అరగంట వ్యాయామ పాఠం చెప్పించవచ్చు. 2017లో తెలంగాణ ప్రభుత్వం నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఆరంభించింది. ఆ నైపుణ్యం పెద్దాసుపత్రుల ప్రసూతి గదుల్లోనే ఆగిపోకుండా మండలాల వరకు రావాలి.

నాలుగవది, పల్లె ప్రకృతి వనాల్లో, పాఠశాల మైదానాల్లో రోజూ ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట స్త్రీలకు ప్రత్యేకించాలి. దీపాలు, కూర్చునే బల్లలు, మరుగుదొడ్డి ఉండాలి. రహదారి పక్కన లారీల మధ్య నడవమని గర్భిణికి ఎవరు చెప్పగలరు? ఈ సౌకర్యం ముస్లిం స్త్రీలకే కాదు, ఊరిలోని ప్రతి స్త్రీకీ పనికివస్తుంది. మన హక్కు అడిగినప్పుడు పక్కింటివారి మేలు కూడా అందులో ఉండడం మంచిదే.

ఐదవది, 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి వద్ద బీడీలు చుట్టేవారిని కూడా కార్మికులుగానే గుర్తించింది. అటువంటి తల్లికి ప్రసూతి సమయంలో ఆదాయ భరోసా దక్కకపోతే ఆ గుర్తింపుకు అర్థమేమిటి? నెలలు నిండేవరకు చాట ముందు కూర్చోవలసిన అవసరం ఆమెకు లేకుండా చేయాలి. కూలికీ కడుపుకూ మధ్య ఎంచుకోమని ఏ తల్లినీ అడగకూడదు.

మనం చేయవలసినది

ప్రభుత్వం కదిలేవరకు మహల్లా ఆగనక్కరలేదు. మసీదు కమిటీలు ఏడాదికి ఒక్క జుమా ఖుత్బాను తల్లుల ఆరోగ్యానికి కేటాయించవచ్చు. పురుషులకు ఈ మాట చేరే మార్గం అదే. సమయం ఇవ్వవలసినది, అనుమతి పేరుతో అడ్డుకోకుండా ఉండవలసినది వారే కదా. ఖాళీగా ఉండే షాదీఖానాలను, మదర్సా ఆవరణలను ఉదయం పూట స్త్రీల నడకకు తెరవవచ్చు. ఖర్చు లేదు, పర్దాకు భంగం లేదు. చదువుకున్న మన ఆడపిల్లలు వారానికి ఒకరోజు గర్భిణులను కూడగట్టి కార్డులు చదివి వినిపించవచ్చు, ఇనుము మాత్రలు 180 రోజులు పూర్తిచేసేలా చూడవచ్చు. నర్సింగ్ చదివిన అమ్మాయిలు మన ప్రతి మండలంలో ఉన్నారు. వారిని పిలిచి ఒక మాట అడిగినవారే లేరు.

ఇంట్లో అత్తగారి పాత్ర అన్నిటికన్నా పెద్దది. ఆమె ఒకప్పుడు కోడలే. నడుము విరిగేలా పనిచేసి పిల్లలను కన్నది. ‘మేము చేయలేదా’ అనే మాటకు బదులు ‘మేము పడింది నువ్వు పడొద్దు’ అనగలిగితే సగం సమస్య తీరుతుంది. కోడలితో కలిసి ఆమె కూడా నడవవచ్చు. చక్కెర జబ్బు, మోకాళ్ల నొప్పులు ఆమెకూ ఉన్నాయి. భర్త చేయవలసినది ఇంకా తేలిక. సాయంత్రం కూడలిలో గడిపే గంటలో సగం భార్య పక్కన నడవాలి. దవాఖానకు వెంట వెళ్లి, బరువెంత, రక్తమెంత, చక్కెర ఎంత అని మూడు అంకెలు అడిగి తెలుసుకోవాలి. సెల్‌ఫోన్ బిల్లు గుర్తుండే మనిషికి భార్య హిమోగ్లోబిన్ ఎంతో గుర్తుండకపోవడం సిగ్గుచేటు.

చివరిగా ఒక మాట. గర్భిణి బరువును, నడకను గురించి మాట్లాడడం ఆమె అందాన్ని గురించి మాట్లాడడం కాదు. ఆమెను సన్నబడమని ఆదేశించడమూ కాదు. బరువు ఎంతున్నా, రంగు ఏదైనా, కడుపులో ఆడబిడ్డ ఉన్నా మగబిడ్డ ఉన్నా, ఆమె ప్రాణం విలువైనది. ఆ ప్రాణాన్ని కాన్పు బల్ల వరకు బలంగా చేర్చి, బిడ్డతో సహా నవ్వుతూ ఇంటికి తీసుకురావడమే ఈ మాటలన్నిటి లక్ష్యం. మన సమాజపు వెనుకబాటును కొలిచిన నివేదికలు ఎన్నో వచ్చాయి. బడికి వెళ్లని పిల్లలను, ఉద్యోగం లేని యువకులను అవి లెక్కించాయి. పిట్లంలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా, బాన్సువాడలోనైనా, ప్రతి మహల్లా తనకు తానుగా మరొక లెక్క మొదలుపెట్టాలని మేము కోరుతున్నాము. ఈ నెలలో మన వీధిలో ఎందరు గర్భిణులున్నారు? వారిలో ఎందరు ఈరోజు నడిచారు? నడవని తల్లికి అడ్డుపడినది ఏమిటి? జవాబు తెలిసిన మరునాడే ఆ అడ్డును తొలగించడానికి మనలో కొందరైనా లేచి నిలబడాలి.